అనేకుల మేలు – ఒక్కని ప్రాణము

(ఉపయోగితావాదమును ఇతర నీతి సిద్ధాంతములతో పోల్చి చూచు పాఠము)

పఠన భాగము: యోహాను 11:45–53

తోడుగా చదువవలసినవి: యోనా 1:4–16, అపొస్తలుల కార్యములు 27:27–44, లూకా 15:3–7, రోమా 3:8

పాఠ సారము: అనేకుల మేలు కోరుట ప్రేమ చేయు పని. అయితే ఆ మేలునకు వెలగా మరియొకనిని చెల్లించు అధికారము ఏ మనుష్యునికిని ఇయ్యబడలేదు.

1. కయప చూపిన లెక్క

లాజరు సజీవుడై సమాధినుండి వచ్చిన వార్త బేతనియనుండి యెరూషలేమునకు చేరినప్పుడు ప్రధానయాజకులును పరిసయ్యులును మహాసభను సమకూర్చిరి. జనులందరు యేసును వెంబడించిన యెడల దేశములో కలవరము పుట్టును. కలవరము పుట్టిన యెడల రోమా సైన్యము దిగును. సైన్యము దిగిన యెడల ఆలయమును జనమును మిగులవు. ఇది వారి భయము. ఇది బొత్తిగా కల్పితమైన భయమని చెప్పలేము. రోమీయులు అల్లరులను ఏ విధముగా అణచుదురో ఆ పెద్దలు బాగుగా ఎరుగుదురు.

అప్పుడు ఆ సంవత్సరపు ప్రధానయాజకుడైన కయప తన ఆలోచన చెప్పెను. జనమంతయు నాశనమగుటకంటె ఒక్కడు చచ్చుటయే మేలని అతని వాదము. త్రాసులో ఒక తట్టను ఒక ప్రాణము, రెండవ తట్టను ఒక జనము. ఇక తూచవలసినదేమున్నది? మన తెలుగు బైబిలులో ఈ చోట కయప నోట “ఉపయుక్తము” అను పదము కనబడుచున్నది. యేసు దోషియా నిర్దోషియా యని ఆ సభ విచారించినట్లు యోహాను వ్రాయలేదు. ఆయన మరణము ఉపయోగకరమా కాదా యనునదే వారి విచారణకు అంశమాయెను.

ఇది జరిగిన పదునేడు శతాబ్దములకు పిమ్మట, కర్మల మంచిచెడ్డలను వాటి ఉపయోగమును బట్టి నిర్ణయింపవలెనను సిద్ధాంతము ఇంగ్లాండులో క్రమమైన రూపము దాల్చెను. దానిని ఉపయోగితావాదమందురు, యుటిలిటేరియనిజమను పేరు కూడ కళాశాల విద్యార్థులు వినియున్నారు. దానిని బోధించినవారు కయపవంటి కుటిలులు కారు. వారిలో పెక్కుమంది బీదల కష్టమును చూచి కరిగినవారు. కాబట్టి ఈ సిద్ధాంతమును విన్నంతనే త్రోసివేయుట న్యాయము కాదు. నేడు ప్రభుత్వపు ప్రణాళికలు మొదలు సంఘ కమిటీ తీర్మానముల వరకు అనేక నిర్ణయములు ఈ లెక్క మీదనే నడచుచున్నవి గనుక, దానిలో మంచి యెంత, ముప్పు ఎంత యని పరిశీలించుట విశ్వాసులకు అవసరము.

2. ఉపయోగితావాదము చెప్పునదేమి?

ఈ వాదమునకు మూలపురుషుడుగా జెరెమీ బెంథామ్ (1748–1832) ఎంచబడుచున్నాడు. ఆయన ప్రధాన గ్రంథము 1789లో ప్రచురింపబడెను. సుఖదుఃఖములే మానవుని నడిపించునవి గనుక, ఏ కార్యమువలన సుఖము హెచ్చి దుఃఖము తగ్గునో అదే మంచి కార్యమని ఆయన బోధించెను. సుఖమును కొలుచుటకు ఏడు కొలతలు కూడ ఏర్పరచెను: దాని తీవ్రత, అది నిలుచు కాలము, అది కలుగునను నిశ్చయత, దాని సామీప్యము, దానినుండి మరి కొంత సుఖము పుట్టునా యనునది, దానితో దుఃఖము కలిసియున్నదా యనునది, అది ఎంతమందికి వ్యాపించునను సంఖ్య. ఈ లెక్కలో రాజు ఒకడే, కూలివాడును ఒకడే. జన్మమును బట్టి మనుష్యులను హెచ్చుతగ్గులుగా చూచిన ఆ దినములలో ఇది సామాన్యమైన మాట కాదు.

ఆయన శిష్యుని కుమారుడైన జాన్ స్టూవర్ట్ మిల్ (1806–1873) ఈ సిద్ధాంతమును 1861లో పత్రికా వ్యాసములుగాను, 1863లో గ్రంథముగాను సవరించి వ్రాసెను. సుఖములన్నియు ఒక్క రకము కావనియు, విద్య, స్నేహము, సత్యాన్వేషణవలన కలుగు సుఖము తిండివలన కలుగు సుఖముకంటె శ్రేష్ఠమైనదనియు ఆయన వాదించెను. మన దేశమునకు ఈయనతో సంబంధము కలదు. ఆయన 1823 నుండి 1858 వరకు లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయములో పనిచేసెను. కోట్లకొలది భారతీయుల పాలనకు సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరములు ఆ కార్యాలయమునుండి నడచినవి. మన దేశమును ఎన్నడు కన్నులార చూడని మిల్, మనకు మేలు ఏదియో దూరమునుండియే తూచెను.

ఇట్టి వాదము నాస్తికులకు మాత్రమే చెందినదని తలంచరాదు. ఆంగ్లికన్ సంఘ గురువైన విలియం పేలీ 1785లోనే ఇంచుమించు ఇదే బోధను క్రైస్తవ రూపములో ప్రకటించెను. దేవుడు తన సృష్టి సుఖముగా ఉండవలెనని కోరుచున్నాడు గనుక, సర్వజనుల సుఖమును వృద్ధి చేయు కార్యమే దేవుని చిత్తమని ఆయన భావము. ఆయన గ్రంథము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో చాలకాలము పాఠ్యగ్రంథముగా నుండెను. 1966లో అమెరికాలో జోసఫ్ ఫ్లెచర్ అను వేదాంత పండితుడు “సందర్భ నీతి” యను పేర మరియొక రూపమును తెచ్చెను. ప్రేమ యొక్కటే ఆజ్ఞ. ఏ సందర్భములో ఏది అనేకులకు ప్రేమపూర్వకమైన ఫలమునిచ్చునో లెక్కించి చేయవలెను. మిగిలిన ఆజ్ఞలు అవసరమును బట్టి ప్రక్కకు పెట్టదగినవి యని ఆయన చెప్పెను. ఈ మాట వినుటకు ఇంపుగా నుండును. అందుచేతనే దీనిని ఒక నిజమైన సంగతి యెదుట నిలిపి పరీక్షింపవలెను.

3. ఒక పడవలో నలుగురు

1884 మే 19న ఇంగ్లాండులోని సౌతాంప్టనునుండి మిన్యోనెట్ అను చిన్న ఓడ ఆస్ట్రేలియాకు బయలుదేరెను. దానిలో నలుగురే యుండిరి: కెప్టెను టామ్ డడ్లీ, ఎడ్విన్ స్టీఫెన్స్, ఎడ్మండ్ బ్రూక్స్, పనిపిల్లవాడుగా చేరిన రిచర్డ్ పార్కర్. పార్కర్ వయస్సు 17 సంవత్సరములు, తలిదండ్రులు లేనివాడు. జూలై 5న గుడ్‌హోప్ అగ్రమునకు 1600 మైళ్ల దూరమున తుపానులో ఓడ మునిగిపోయెను. నలుగురును చిన్న పడవలోనికి దిగిరి. వారియొద్ద మంచినీరు లేదు. రెండు డబ్బాల టర్నిప్ దుంపలు మాత్రము చిక్కెను. నాల్గవ దినమున ఒక తాబేలు దొరకెను. తరువాత అదియు అయిపోయెను. పిల్లవాడు దప్పికకు తాళలేక సముద్రపు నీరు త్రాగి జబ్బుపడెను.

చీట్లు వేయుదమను మాట వచ్చినప్పుడు బ్రూక్స్ అంగీకరింపలేదు. తమకు భార్యాబిడ్డలు కలరనియు, పిల్లవాని కెవరును లేరనియు, ఎట్లును వాడు చనిపోవునట్లున్నాడనియు డడ్లీ స్టీఫెన్సుతో ఆలోచించెను. ఇరువదవ దినమున డడ్లీ ప్రార్థన చేసి, క్షమాపణ వేడుకొని, స్టీఫెన్స్ సమ్మతితో పిల్లవానిని చంపెను. పార్కర్ సమ్మతింపలేదు, వానిని ఎవరును అడుగలేదు. ముగ్గురును ఆ శరీరమును తిని బ్రదికిరి. బ్రూక్స్ సహితము తినెను. నాల్గవ దినమున ఒక జర్మను ఓడ వారిని రక్షించెను.

తీరము చేరిన పిమ్మట డడ్లీ జరిగినదంతయు దాచక చెప్పెను. తాను చేసినది నేరమని అతనికి తోచలేదు. అయినను న్యాయస్థానము డడ్లీని, స్టీఫెన్సును విచారించెను. ఆ విధముగా చేయనియెడల ముగ్గురును బహుశః బ్రదికియుండరనియు, పిల్లవాడే ముందుగా చనిపోయి యుండుననియు జూరీ తేల్చెను. అనగా డడ్లీ వేసిన లెక్క సరియైనదే యని ఒప్పుకొన్నట్లు. నలుగురు చచ్చుటకంటె ఒక్కడు చచ్చి ముగ్గురు బ్రదుకుట మేలు కాదా? పిమ్మట 1884 డిసెంబరు 9న ప్రధాన న్యాయమూర్తి లార్డ్ కోల్‌రిడ్జి ఆ వాదమును నిరాకరించి, ఇది హత్యయే యని తీర్పు చెప్పెను. వారికి మరణశిక్ష విధింపబడి, తరువాత ఆరు నెలల చెరసాలగా తగ్గింపబడెను.

ఆ న్యాయమూర్తి అడిగిన ప్రశ్నలు మనమును అడుగవలసినవి. ఒక ప్రాణమునకును మరియొక ప్రాణమునకును గల వెలను దేనితో కొలుతుము? బలముతోనా, తెలివితోనా? కొలుచువాడెవడు? ఎవని ప్రాణము దక్కునో వాడే కొలుచువాడైన యెడల ఆ త్రాసు సమముగా నుండునా? నలుగురిలో మిక్కిలి చిన్నవాడు, బలహీనుడు, ఎదురాడలేనివాడు ఎన్నుకొనబడుట వట్టి సంయోగమా? బ్రదుకుట సామాన్యముగా కర్తవ్యమే. కాని చనిపోవుట కర్తవ్యమగు సమయములు కూడ కలవని ఆయన జ్ఞాపకము చేసెను. ఓడ మునుగునప్పుడు కెప్టెను తన మనుష్యుల కొరకు నిలువవలెను గాని తన మనుష్యులు తనకొరకు చావవలెనని కోరరాదు.

4. నాలుగు త్రాసులలో తూచి చూతము

ఉపయోగితావాదులందరు డడ్లీ పక్షమున నుందురని చెప్పుట న్యాయము కాదు. “ఒక్క సంగతినే చూడక, ఇట్టి హత్యను అనుమతించు నియమమువలన లోకమునకు కలుగు ఫలమును చూడుడు. ప్రతి ఓడలోను బలహీనుడు భయముతో వణకును. కాబట్టి హత్య కూడదను నియమమే సర్వజనులకు ఎక్కువ మేలు చేయును” అని వారిలో పలువురు చెప్పుదురు. పేలీ కూడ ఇట్టి నియమములనే నమ్ముకొనెను. ఇది మంచి జవాబే గాని సంపూర్ణమైన జవాబు కాదు. ఆ జవాబు ప్రకారము పిల్లవానిని చంపుట ఎందుకు తప్పు? ఇతరులకు భయము కలుగును గనుక. మరి ఎవరికిని తెలియకుండ జరిగినయెడలనో? పార్కరునకు జరిగిన అన్యాయము పార్కరును బట్టియే అన్యాయము కావలెను గదా! ఆ సంగతి ఈ త్రాసుకు అందుట లేదు.

జర్మను తత్త్వవేత్తయైన ఇమ్మానుయేలు కాంట్ (1724–1804) భక్తిగల ప్రొటెస్టంటు కుటుంబములో పెరిగినవాడు. ఆయన మార్గము కర్తవ్యవాదము. ఫలము ఎట్టిదైనను, మనుష్యుని ఎన్నడును కేవలము పనిముట్టుగా వాడుకొనరాదనియు, ప్రతి మనుష్యుడును తనంతట తానే గౌరవార్హుడనియు 1785లో వ్రాసెను. ఈ త్రాసులో డడ్లీ కార్యము వెంటనే తేలిపోవును. పార్కర్ ఆ పడవలో మనుష్యుడుగా కాక ఆహారముగా ఎంచబడెను. మనుష్యుడు దేవుని స్వరూపమందు సృజింపబడెనని నమ్ము మనకు (ఆదికాండము 1:27) ఈ బోధ దగ్గరగా నున్నది. కాని కాంట్ కఠినత్వము మరియొక చోట బయలుపడును. హంతకుడు తలుపు తట్టి, నీయింట దాగిన స్నేహితుడెక్కడ అని అడిగినను అబద్ధమాడరాదని ఆయన 1797లో వాదించెను. ఫరో ఆజ్ఞను మీరి మగశిశువులను బ్రదుకనిచ్చి, అతనికి తప్పించుకొను జవాబిచ్చిన హెబ్రీ మంత్రసానులకు దేవుడు మేలు చేసెనని నిర్గమకాండము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. ఆ భాగమును వ్యాఖ్యానించుటలో బోధకులలో భేదములు కలవు. అయినను పొరుగువాని ప్రాణము మీదికి వచ్చు ఫలమును బొత్తిగా చూడనొల్లని నీతి, లేఖనములకు సరిపడిన నీతి యని చెప్పజాలము.

గ్రీసు దేశపు అరిస్టాటిల్ (క్రీ. పూ. 384–322) “ఏ కార్యము చేయవలెను?” అని కాక “ఎట్టి మనుష్యుడవు కావలెను?” అని అడుగును. ధైర్యము, న్యాయము, మితము అభ్యాసముచేత అలవడి, మంచి శీలము ఏర్పడిన మనుష్యుడు సమయమునకు తగినది గ్రహించునని ఆయన బోధ. ఈ త్రాసులో మనము బ్రూక్సును చూచుచున్నాము. అతడు చంపుటకు సమ్మతింపలేదు; కాని అడ్డుపడలేదు, పిమ్మట భుజించెను. తప్పును ఒప్పనివాడు తప్పును ఆపువాడు కావలెనన్న ఆత్మబలము కావలెను. అయితే అరిస్టాటిల్ స్వభావముచేతనే కొందరు దాసులని నమ్మినవాడు. శీలము ఎవరి యెడల చూపవలెనన్న ప్రశ్నకు ఆయన గీచిన గిరి చిన్నది. రాజును కూలివానిని సమముగా లెక్కించిన బెంథామ్ ఈ విషయములో ఆయనకంటె మేలైనవాడు.

మన దేశములోను సర్వజన హితము పురాతనమైన ఆదర్శము. బహుజనుల హితము, బహుజనుల సుఖము అనునది బౌద్ధ సంప్రదాయమునుండి వచ్చి ఆకాశవాణి ధ్యేయముగా మన కందరికి పరిచితమైనది. అయితే ఆ సంప్రదాయములో బుద్ధుడు తన శిష్యులను బహుజనుల కొరకు తిరుగులాడి శ్రమపడుటకు పంపెను. ఎవనినో ఒకనిని బహుజనుల కొరకు చెల్లించుమని కాదు. ఈ తేడాను మనస్సులో నుంచుకొని లేఖనములవైపు తిరుగుదము.

5. లేఖనములు చూపు మార్గము

మొదట, రెండు ఓడలను చూడుడి. యొప్పేలో యోనా ఎక్కిన ఓడ తుపానులో చిక్కెను. తన్ను ఎత్తి సముద్రములో వేసినయెడల తుపాను నిలుచునని యోనాయే చెప్పెను. లెక్క తేలినది; బలియగువాడు ఒప్పుకొనెను. అయినను ఆ అన్యజనులైన నావికులు వెంటనే అతనిని పట్టుకొనలేదు. తీరము చేరుటకు శక్తికొలది తెడ్లు వేసిరి. వేరు దారి లేదని తేలిన పిమ్మటనే, నిర్దోషి రక్తము తమ మీదికి రాకుండునట్లు దేవునికి మొఱ్ఱపెట్టి, వణకుచు ఆ పని చేసిరి. దేవుని యెరుగని ఆ నావికుల చేతులలోని తెడ్లు మనకు పాఠము కావలెను.

రెండవ ఓడలో పౌలు ఖైదీగా నుండెను. ఓడ బద్దలగుచుండగా ఖైదీలు ఈది పారిపోవుదురేమో యని సైనికులు వారిని చంప నాలోచించిరి. ఖైదీ తప్పించుకొన్నయెడల కావలివానికి ప్రాణాపాయము. కాబట్టి వారి లెక్కయు లెక్కయే. శతాధిపతి వారిని ఆపెను. కొందరు ఈదుచు, కొందరు పలకల మీదను, ఓడ చెక్కల మీదను, అందరు తీరము చేరిరి. ఆ ఓడలో ఉన్నవారు 276 మంది యని లూకా వ్రాసియుండుట గమనింపవలెను. ఎందరిని విడిచిపెట్టవచ్చునో తెలిసికొనుటకు కాక, ఒక్కడును తప్పిపోలేదని చెప్పుటకు అతడు లెక్క వ్రాసెను. నూరు గొఱ్ఱెలలో తప్పిపోయిన ఒకదానిని వెదకిన కాపరి లెక్కయు ఇట్టిదే. 99 ఉన్నవి గదా యని తృప్తిపడువాడు నూటిని లెక్కించినవాడు కాడు.

రెండవది, మనము ఫలితమును చివరివరకు చూడలేము. ఈ సంగతిని 1736లో జోసఫ్ బట్లర్ అను గురువు (తరువాత డర్హము బిషప్పు) స్పష్టముగా చూపెను. పరుల సుఖము కోరుట ధర్మములో ఒక భాగమే గాని ధర్మమంతయు కాదనియు, లోకమంతటి సుఖమునకు బాధ్యుడు లోకమునకు ప్రభువైనవాడే యనియు, మనము అన్యాయము చేసి మేలు తెచ్చెదమనుకొనునప్పుడు ఆ మేలు నిజముగా వచ్చునో లేదో ఎరుగమనియు ఆయన హెచ్చరించెను. కయపయే దీనికి సాక్ష్యము. యేసు చంపబడెను. జనము దక్కినదా? ఆలయము నిలిచినదా? క్రీ. శ. 70లో రోమా సైన్యము యెరూషలేమును ముట్టడించి ఆలయమును కాల్చివేసెను. అతడు తప్పింపగోరిన ఆపద తప్పలేదు. చేసిన పాపము మాత్రము మిగిలెను. మేలు కలుగుటకై కీడు చేయుదమను మాటను పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో తీవ్రముగా ఖండించుటకు కారణము కలదు.

మూడవది, ఈ పాఠమునకు ముఖ్యమైనది. కయప మాటలో అతడెరుగని ప్రవచనము దాగియున్నదని యోహాను వ్రాయుచున్నాడు. నిజముగానే ఒక్కడు అనేకుల కొరకు చనిపోయెను. అయినచో కయప లెక్కయే సువార్త కాదా? కాదు. కయప ఇతరుని ప్రాణమును చెల్లింపజూచెను. క్రీస్తు తన ప్రాణమును తానే పెట్టెను. ఎవడును దానిని తననుండి తీసికొనలేదని ఆయన ముందుగానే చెప్పెను (యోహాను 10:18). సిలువ యొద్ద ఈ రెండును కలిసినను ఒక్కటి కాలేదు. ఒకటి హత్య, రెండవది ప్రేమ. అనేకుల కొరకు ఒక్కడు అను మాట అర్పించుకొనువాని నోట పవిత్రమైనది. అర్పింపజూచువాని నోట అపవిత్రమైనది.

యేసు బోధించిన బంగారు సూత్రములో తన సిద్ధాంతపు ఆత్మ సంపూర్ణముగా ఉన్నదని మిల్ వ్రాసెను. ఆ సూత్రమును (మత్తయి 7:12) మరల చదువుడి. అది మనలను ఒడ్డున నిలిచి తలలు లెక్కించుమనుట లేదు. ఎదుటివాని స్థానములో నిలువుమనుచున్నది. ఆ పడవలో డడ్లీ పార్కర్ స్థానములో ఒక్క నిమిషము నిలిచియుండిన యెడల కత్తి లేచియుండునా?

6. లెక్కించుట ఎప్పుడు ధర్మము?

ఇంత చెప్పినంతమాత్రమున విశ్వాసి లెక్కలను విడిచిపెట్టవలెనని కాదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువే చెప్పెను (లూకా 14:28). యోసేపు ఐగుప్తులో ఏడు సమృద్ధి సంవత్సరముల పంటలో అయిదవ భాగము కూర్చి, కరవులో అనేకుల ప్రాణములను కాపాడెను. గోదావరి మండలములో కరవులను, జనుల దురవస్థను చూచిన సర్ ఆర్థర్ కాటన్ నీటిని, భూమిని, ఖర్చును, రాబడిని లెక్కించి ప్రభుత్వమును ఒప్పించెను. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియాయెను. ఆ లెక్కలు ప్రేమకు చేతులైనవి. లెక్కింపని దయ పలుమారు వృథాయగును. ఒక సంఘమునకు పరిమితమైన సహాయనిధి యున్నప్పుడు, అది మిక్కిలి అక్కరలో నున్నవారికి చేరునట్లు విచారించుట కఠినత్వము కాదు.

అయితే లెక్క సరియైన చోట కూడ బాకీ మిగులును. నాగార్జున సాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడువబడెను. లక్షల ఎకరములు పచ్చబడినవి. అయితే కృష్ణా లోయలోని గ్రామములవారు తమ యిండ్లను, పొలములను, పితరుల సమాధులను విడిచి లేచిపోవలసివచ్చెను. ఆ అన్నము తినుచున్న మనము, అనేకులకు మేలు కలిగెను గనుక ఆ కొందరి సంగతి ముగిసినదని చెప్పవచ్చునా? ఉపయోగితావాదపు లెక్కలో మొత్తము హెచ్చినంతనే పద్దు మూయబడును. క్రైస్తవుని లెక్కలో నష్టపోయినవానికి న్యాయము జరుగువరకు ఆ పద్దు తెరచియే యుండును.

మరియొక భేదము కలదు. 2021లో కోవిడ్ రెండవ విడత వచ్చినప్పుడు మన దేశపు ఆసుపత్రులలో ప్రాణవాయువునకు, పడకలకు కొరత కలిగెను. ఉన్న ఒక్క పడక ఎవరికి ఇయ్యవలెనని వైద్యులు కన్నీటితో నిర్ణయింపవలసివచ్చెను. అందరిని రక్షింపలేకపోవుట వేరు. ఒకనిని చంపి మరియొకనిని రక్షించుట వేరు. మొదటిదానిలో వైద్యుడు చేయగలిగినంత మేలు చేయుచున్నాడు. అతని చేతిలో ఎవని మరణమును పనిముట్టు కాలేదు. రెండవదానిలో ఒకని మరణమే ఉపాయమగుచున్నది. కాబట్టి చేయగల మేలులలో పెద్ద మేలును ఎన్నుకొనుటకు లెక్క మంచి సేవకుడు. కీడును మేలుగా మార్చుటకు దానికి అధికారము లేదు.

7. మన యిండ్లలో, మన సంఘములలో

ఇవి ఓడలలోను, సింహాసనముల యొద్దను మాత్రమే జరుగు సంగతులని తలంతుమా? మన యిండ్లలో ఎందరు కుమార్తెలు, తమ్ముల చదువు కొరకని తమ చదువు మానుకొనవలసివచ్చినది! ఎందరు అక్కలు, వారి జీతముతో కుటుంబము గడచుచున్నదని వివాహము లేకయే మిగిలిపోయిరి! ఇష్టపూర్వకముగా తన్ను తాను అర్పించుకొనిన అక్క త్యాగము పూజ్యమైనది. అయితే ఆమెను అడిగినవారెవరు? అడుగకుండ తీసికొని, పిమ్మట దానికి త్యాగమను పేరు పెట్టుట కయప చేసిన పనియే.

సంఘములలో ఇంకను వేదనకరమైన రీతి కనబడును. ఒక స్త్రీయో, వసతిగృహములోని ఒక బాలుడో, ఒక పేద సేవకుడో తనకు జరిగిన అన్యాయమును చెప్పుకొన వచ్చును. పెద్దలు తలుపులు మూసి ఆలోచింతురు. “ఇది బయటపడినయెడల సంఘము పేరు చెడును, సువార్తకు ఆటంకమగును, వందలమంది విశ్వాసము చెదరును. ఈ యొక్కరు ఓర్చుకొన్నయెడల అందరికి మేలు” అని తీర్మానింతురు. ప్రార్థనతో ఆరంభించి ప్రార్థనతో ముగింతురు. డడ్లీ కూడ ప్రార్థించియే కత్తి ఎత్తెను. ప్రియులారా, సువార్త నిలుచుటకు ఒక బలహీనుని నోరు మూయవలసిన అవసరము లేదు. శరీరములో బలహీనములని తోచు అవయవములే మరి అవశ్యములని పౌలు కొరింథీయులకు బోధించెను (1 కొరింథీ. 12:22). మిక్కిలి అల్పులైన వారిలో ఒకనికి చేసినది తనకు చేసినట్టేయని తీర్పు దినమున ప్రభువు చెప్పును (మత్తయి 25:40). ఆ దినమున మనము సంఘపు హాజరు పట్టీని చూపి జవాబు చెప్పగలమా?

ఇట్టి నిర్ణయము మన యెదుటికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేసికొందము. ఈ మేలునకు వెల చెల్లించునది నేనా, మరియొకడా? ఆ వ్యక్తిని అడిగితిమా, కాదనుటకు స్వేచ్ఛ ఇచ్చితిమా? తలపెట్టిన కార్యము దేవుడు నిషేధించినదా? తీరము చేరుటకు తెడ్లు నిజముగా వేసితిమా? ఈ కారణమును ఆ వ్యక్తి ముఖము చూచి చెప్పగలమా? ఈ ప్రశ్నలకు జవాబులు దొరకనప్పుడు, లెక్క ఎంత సరిగా నున్నను చేయి ఆపుటయే ధర్మము. చేయి ఆపినందున నష్టము వచ్చిన యెడల, దానిని మొదట మనమే భరింప ముందుకు రావలెను. కాపరి గొఱ్ఱెల కొరకు ప్రాణము పెట్టుననుటకు అర్థము అదియే.

చర్చకు ప్రశ్నలు

1. కయప భయము నిజమైన భయమే యైనను అతని ఆలోచన ఎందుచేత తప్పు?

2. ఉపయోగితావాదమునుండి విశ్వాసులు నేర్చుకొనదగిన మంచి ఏది? కాంట్, అరిస్టాటిల్ బోధలలోని మంచి ఏది, కొరత ఏది?

3. యోనా ఓడలోని నావికులకును, మిన్యోనెట్ పడవలోని డడ్లీకిని గల భేదములను చెప్పుడి.

4. తన్ను తాను అర్పించుకొనుటకును, ఇతరుని అర్పించుటకును గల భేదము మన కుటుంబములలో ఎక్కడ మరుగుపడుచున్నది?

5. మీ సంఘములో ఎవరి మొఱ్ఱయైనను “అందరి మేలు కొరకు” వినకుండ విడువబడినదా? దానిని సరిదిద్దుటకు మీరు చేయవలసిన మొదటి పని ఏది?

ప్రార్థన

నూరు గొఱ్ఱెలను ఒక్కొక్కటిగా ఎరిగిన కాపరీ, అనేకుల మేలు కొరకు ప్రయాసపడు మనస్సును మాకు దయచేయుము. ఆ ప్రయాసలో చిన్నవారిని త్రొక్కకుండ మా పాదములను కాపాడుము. వెల చెల్లింపవలసిన వేళ పొరుగువాని వైపు చూడక, నీ సిలువను చూచి మేమే ముందుకు వచ్చునట్లు మమ్ము బలపరచుము. ఆమేన్.